నీళ్ళ పొయ్యి

నీళ్ళ పొయ్యి అంటుకోవాలంటే ఎండాకును మించింది లేదు. యూనివర్సిటీ రోడ్లు ఊడ్చి వచ్చేటప్పుడు రోజూ ఒక గోనెసంచి నింపుకుని వస్తాను. మిగతా ఆకును అక్కడే కుప్పపోసి కాలబెట్టాలి. ఎత్తుకుపోవాల్సిన కాంట్రాక్టరు ట్రాక్టరు ఎప్పుడూ రాదు. "పొగ రాని దిక్కు నిలబడు స్వర్ణా," అంటాడు సూపర్‌వైజరు దేవేందర్, బండి దిగకుండానే. గాలి ఆయన మాట వింటుంది కాబోలు.

ఇంట్లో వంటకు గ్యాసే. నీళ్ళు కాచే రాడ్డు కూడా ఉంది, అటక మీద. కానీ కరెంటు నీళ్ళు మా ఆయన సంజీవ్ ఒంటికి పడవు. "కట్టెల మీద కాగిన నీళ్ళు పోసుకుంటేనే పెయ్యి తేలికైతది," అంటాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన పెయ్యి తేలికవుతూనే ఉంది. నేను మాత్రం మెట్లెక్కలేకపోతున్నాను. దగ్గితే మా అత్త లింగమ్మ టీవీ సౌండు పెంచుతుంది. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఏమీ రావడం లేదు, దగ్గు తప్ప.

నిన్న తార్నాకలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గొట్టంలోకి మూడుసార్లు ఊదించి, కాగితం చూసి, "బీడీ, చుట్ట అలవాటుందా అమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే సంజీవ్ అందుకున్నాడు. "మా ఇంట్ల ఆడోళ్ళకు గసొంటివి లేవు మేడం."

"కట్టెల పొయ్యి?"

"గ్యాసే మేడం."

కావాలని అబద్ధమాడలేదు. నీళ్ళ పొయ్యిని ఆయన ఏనాడూ పొయ్యి అనుకోలేదు, దాని ముందు కూర్చుని ఊదేది ఆయన కాదు కదా. 'పొగ లేదు' అని డాక్టరమ్మ రాసుకుంది. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా మూసుకుపోయే జబ్బు వచ్చేలా ఉందని, ఒకసారి ముదిరితే ఇక తగ్గదని చెప్పింది. నాకు భయం కూడా వేయలేదు.

బయట మందుల షాపు దగ్గర సంజీవ్, "అలర్జీ అయి ఉంటది. జల్ది పోయి నీళ్ళు పెట్టు, డ్యూటీకి పోవాలె," అన్నాడు.

సరేనని రెండడుగులు వేశాను. తర్వాత వెనక్కి తిరిగి, గుమ్మంలో చెప్పులు విడిచి, మళ్ళీ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.

"మీరు రాసుకున్నది తప్పు మేడం. పొద్దున యూనివర్సిటీల ఆకు కాలబెడ్త. ఇంట్ల ఆయన స్నానానికి నీళ్ళ పొయ్యి ఊదుత. పద్నాలుగేండ్ల సంది."

ఆమె రాసింది కొట్టేసింది. "ఆపకపోతే ఏ మందూ పనిచేయదమ్మా. ఆపగలవా?"

మందుల కవరు పట్టుకుని సంజీవ్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఆకు సంగతి దేవేందర్ సార్‌ను అడుగుత మేడం," అన్నాను. "నీళ్ళ పొయ్యికి ఎవర్నీ అడిగేది లేదు. రాడ్డు అటక మీదున్నది, ఆయనే దించుకుంటడు."