ఒరిజినల్ ఇంజను

దర్జీగారి పాత కారు కదలాలంటే తాళంచెవి ఒక్కటే చాలదు, ఆయన భార్య కూడా కావాలి. ఆయన స్టీరింగు ముందు దొరలా కూర్చుంటాడు, ఆమె వెనకనుంచి తోస్తుంది. బండి ఖళ్లుఖళ్లున దగ్గి, ఆమె మొహాన ఇంత పొగ కొట్టి, ఆమె ఎక్కేలోపే సందు మలుపు తిరుగుతుంది. పెళ్లికి ముందే డ్రైవింగు నేర్చిన మనిషామె. "నేను నడుపుతా, మీరు తోయండి" అంటే, "నీకున్న ఒడుపు నాకెక్కడిదే?" అని పొగిడి తప్పించుకునేవాడు.

ఈ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. "కొత్త ఇంజనైనా వేయించండి, మీరైనా తోసుకోండి" అని తేల్చేసింది.

"ఇంజను మారిస్తే అది నా కారెలా అవుతుందే? ఒరిజినాలిటీ పోదూ?"

"మీ నోట్లో పళ్లు ఒరిజినలా? అవి పెట్టించుకున్నాక మిమ్మల్ని వేరే మొగుడన్నానా?"

ఆ దెబ్బకి ఆయన పెట్టుడుపళ్లు పటపట కొరుకుతూనే కొత్త ఇంజనుకి ఒప్పుకున్నాడు.

మెకానిక్కయిన ఆమె తమ్ముడు కొత్త ఇంజను బిగించాడు. దర్జీగారు తాళం తిప్పి, "స్టార్టే కాలేదు, తొయ్యవే" అన్నాడు.

"స్టార్టయి చాలాసేపయింది బావా. నీకు దగ్గు వినపడకపోతే బండి బతికున్నట్టు కాదు!"

మర్నాడు పాతకార్ల పోటీ. ఒరిజినల్ ఇంజను లేని బండిని గేటు దాటనివ్వరు. కానీ చిరిగిన కాలర్లు తిరగేసి కుట్టి కొత్తవనిపించిన బుర్ర ఊరుకుంటుందా? బావమరిది చేత పాత ఇంజనును డిక్కీలోకి ఎక్కించాడు.

"అడిగితే 'బండిలోనే ఉంది' అంటా. అబద్ధమా?"

గేటు ముందు చిన్న ఎత్తు. డిక్కీ బరువుకి బండి వెనక కూలబడి, మూతి ఆకాశానికెత్తి ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి.

"దిగవే, కాస్త తొయ్యి."

ఇన్నాళ్లకి దొరికిన సీటు. ఆమె ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"నా మోకాళ్లు దిగనంటున్నాయి. మీరే దిగండి."

దిగక తప్పలేదు. ఆయన దిగగానే ఆమె స్టీరింగు ముందుకి జరిగి, గేరు మార్చి తొక్కింది. వెనక ఆయన భుజం పెట్టాడు. బండి మెల్లగా ఎత్తెక్కి గేటు ముందు నిలిచింది.

"అమ్మా, ఇంజను ఒరిజినలేనా?" అన్నాడు గేటు మనిషి.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, ఎగరొప్పుతూ వస్తున్న మొగుణ్ణి చూపించింది.

"అదుగో నాయనా, వెనక తోసుకొస్తోంది. పళ్లు తప్ప అంతా ఒరిజినలే."