ఏడో కాలు ఎక్కిన బల్లి

నా బల్లి ఎక్కుతున్న కొద్దీ వంతెన ఏడో కాలు పొడుగవుతోంది.

బల్లి అంటే నేను తయారుచేసిన రోబో. అరచేతంత ఉంటుంది. అయస్కాంతపు పాదాలతో ఇనుముకు అతుక్కుని పాకుతూ, ఎక్కడ పగులున్నా, ఎక్కడ తుప్పు తిన్నా నా చేతిలోని తెర మీద చూపిస్తుంది. నేను ఏటి గట్టున నిలబడి దాన్ని నడుపుతున్నాను. వంతెన మొదట్లో పాసింజరు రైలు ఆగి ఉంది. బల్లి దిగితేనే అది కదలాలి.

స్టేషను మాస్టరు పైడినాయుడు గారు తెరకు ఎండ తగలకుండా గొడుగు పట్టారు.

"ఎందాక ఎల్లింది తల్లీ?"

"మబ్బు దాటిందండీ."

"అయితే అక్కడ తుప్పు తడిగా ఉంటాది. నెమ్మదిగా ఎల్లమను."

మబ్బు పైన బల్లి ఆగి టిక్కుమంటుంది. పైడినాయుడు గారు వేలితో గొడుగు కర్రను తట్టి, "సత్యం, సత్యం" అంటారు.

తెర మీద వెంట్రుకంత పగులు. దగ్గరగా చూస్తే అందులో ఈ రైలే వెళుతోంది. ఒక్కొక్క పెట్టే పగులులోకి దూరుతోంది. అవతలికి ఒక్కటీ రావడం లేదు. చివరి పెట్టె కిటికీలో ఒకావిడ బిడ్డకు అన్నం పెడుతోంది. తల తిప్పి చూస్తే, ఆగి ఉన్న రైలులో అదే ఆవిడ అదే ముద్ద కలుపుతోంది.

"రైలు కదపొద్దండీ," అంటాను.

కోటు తొడుక్కున్న పెద్ద అధికారి ఒకాయన రైలు దిగి వస్తాడు.

"మా తాత నాటి నుంచి నిలబడే ఉంది ఈ వంతెన. నీ బొమ్మ టిక్కుమంటే ఆగాలా?"

"నిలబడే ఉందండీ. దాని జబ్బే అది."

పైడినాయుడు గారు ఎర్రజెండా విప్పుతారు.

"మా అమ్మాయి బల్లి అబద్దమాడదు బాబూ."

నేను ఆయన కూతుర్ని కాను. అయినా కాదనను.

జనమంతా దిగుతారు. చివరి మనిషి ఇసుకలో కాలు పెట్టగానే ఏడో కాలు మడతపడుతుంది. కూలడం కాదు. కూర్చోమని ఎవరైనా అంటారేమోనని ఇన్నాళ్లూ చూసిన ముసలివాడిలా, వంతెన ఒక్కో కాలే ముడుచుకుని నీళ్లలో చతికిలబడి, "అబ్బా" అంటుంది.

బల్లి మబ్బులోంచి జారి నా ఎడమ భుజం మీద పడుతుంది. వెచ్చగా ఉంది.

"ఎడం బుజమేనా? ఆడోళ్లకి మంచిదే," అంటారు పైడినాయుడు గారు. అధికారి తన కోటు విప్పి బల్లికి కప్పుతాడు. నేను దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంటాను. నా బల్లి!

"మరి మేం ఆ గట్టుకెలా ఎల్తామండీ?" అంటుంది బిడ్డ తల్లి.

అది విని నది లేస్తుంది. నీళ్లన్నీ కుచ్చిళ్లలా పైకెత్తుకుని, రైలు పట్టేంత కమానుగా వంగి, ఒక కాలు నా ముందుకు చాస్తుంది.

"ముందు నన్ను చూసి చెప్పు," అంటుంది.

నీటికి అయస్కాంతం అంటుకోదు. అందుకని చెప్పులు విడిచి నేనే ఎక్కుతున్నాను. అరచేతులు బాగానే పట్టుకుంటున్నాయి. పైకి వెళ్లేకొద్దీ నది లోపల చేపలు బారులు తీరి, దేని వెన్నెముక అది తీసి నోట కరుచుకుని, చూడమని నా వైపు ఎత్తి పట్టుకుంటున్నాయి.