పేరంతా బీరకాయకే

నేను ఒక సిలికాన్ కప్పును. నిమ్మచెక్కంత ఉంటాను. ఏ ఊరి ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఊడిపడ్డానో గుర్తులేదు గానీ, పుట్టింది మాత్రం ఆవాలు కొలవడానికి కాదు. కాకినాడలో విమలాదేవిగారికి ఆ సంగతి తెలిసొచ్చేసరికి, తలా తోకా లేని నాకే తలప్రాణం తోకకొచ్చింది.

నన్ను నొక్కి, చర్మం మీద ఆనించి వదిలితే ఆ చోటుని మెల్లగా పైకి లాగుతాను. కోత మానాక అడుగున కండకి అతుక్కుపోయిన మచ్చని వదులు చెయ్యడం నా ఉద్యోగం. ఆవిడ కూతురు మంజూష బాగా బరువు తగ్గి, వేలాడే చర్మం తీయించుకోవడానికి రెండు చేతులకీ కాస్మెటిక్ సర్జరీ చేయించుకుంది. కోతలు మానాయి. కానీ ఎడమ చంక దగ్గర మచ్చ గట్టిపడి, చెయ్యి భుజం దాటి లేవనంటోంది. చూస్తే మాఘంలో పెళ్లి. పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నా ఆమెకంటే జానెడు ఎత్తు. తలంబ్రాలు అతని తల మీద పొయ్యాలా, ఒళ్లో పొయ్యాలా?

ఫిజియోథెరపిస్టు సల్మా నన్ను వాళ్ల చేతిలో పెట్టింది.

"కదిపితే కుట్లూడిపోవూ?" అన్నారు విమలాదేవిగారు.

"కుట్లు ఎప్పుడో తీసేశారమ్మా. గాయం పూర్తిగా మానింది. ఇప్పుడు కదపకపోతేనే బిగుసుకుపోతుంది."

ఆవిడ బుద్ధిగా తలూపారు. ఇంటికి రాగానే నన్ను పోపులపెట్టెలో పడేసి, బీరకాయలు తరగడానికి కూర్చున్నారు. పత్యం! పప్పు తింటే చీము పడుతుందట. మానిపోయిన గాయానికి చీమెక్కణ్ణుంచి వస్తుందో అడిగే నోరు నాకు లేకపోయింది. మంజూష నాకోసం వెతికితే, "ఎక్కడో ఉందిలే, పెళ్లయ్యాక చూద్దాం" అనేవారు. నేనేమో జీలకర్ర పక్కన కుతకుతలాడుతున్నాను.

ఒక మధ్యాహ్నం మంజూష తల్లిని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, దోసిలినిండా బియ్యం తీసుకుని తలంబ్రాలు పోసి చూసుకుంది. కుడిచెయ్యి లేచింది. ఎడమది లేవలేదు. బియ్యమంతా తల్లి ఒళ్లో పడింది.

"చిన్నప్పట్నుంచీ నా చేతుల్ని రోకళ్లు, రోకళ్లు అని నలుగురిలో అన్నది నువ్వే. కోయించుకుంటే ఇప్పుడు కదపొద్దంటున్నావు. ఈ చేతుల్ని నన్నేం చెయ్యమంటావమ్మా?" అని ఏడ్చేసింది.

విమలాదేవిగారు ఒళ్లో బియ్యం దులుపుకుని వంటింట్లోకొచ్చారు. నన్ను బోర్లించి ఆవాలు పారబోశారు. సబ్బుతో కడిగారు. కొబ్బరినూనె పట్టుకెళ్లి, "ఎక్కడ పెట్టాలో చూపించవే" అన్నారు.

మొదట్లో ఆవిడ చేతివాటం చూస్తే ఏడుపొచ్చేది. చెంబుకి పట్టిన మసి వదిలించినట్టు రుద్దేవారు. "మెల్లగా అమ్మా, మెల్లగా!" అని సల్మా చివాట్లు పెట్టాక దారికొచ్చారు. రోజూ నేను, ఆ మచ్చ, ఆవిడ వేళ్లు. చెయ్యి చెవిదాకా లేచింది, తర్వాత ఇంకాస్త పైకి.

పెళ్లిలో తలంబ్రాలు పెళ్లికొడుకు నడినెత్తిన పడ్డాయి. చెయ్యెలా బాగైందని తన ఆడపడుచు అడిగితే, విమలాదేవిగారు సంచిలో నన్ను పెట్టుకునే చెప్పారు కదా: "బీరకాయ వదినా! పప్పు ముట్టనిస్తేనా!"

నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న మంజూష పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని పుట్టింటికొచ్చింది. మచ్చలు కనబడుతూనే ఉన్నాయి. తల్లి ఆ చేతుల్ని పట్టుకుని నిమిరి, "ఎంత బాగున్నాయే నీ చేతులు" అన్నారు.

ఈ ముక్క ఆ పిల్ల చిన్నప్పుడే అని ఉంటే, నేనీ ఇంటికి వచ్చే పనే ఉండేది కాదు కదా తల్లీ!