ఆదివారం నా సాక్ష్యం

శుక్రవారం ఉపవాసం ఆయనది, వంట నాది. మైలాపూరులో నేను పాఠాలు చెప్పే బడి వదిలాక రైలెక్కి, బీచ్ స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో రాయపురం చేరేసరికి సాయంత్రం అవుతుంది. దీపాలు పెట్టే వేళకి మా మిద్దె మీద ప్రార్థన. అది కాగానే ఉపవాసం విడిచేవాళ్ళందరికీ ఉప్మా, చట్నీ, టీ. నేనూ ఉపవాసమే. ఉప్పు నాలుక మీద వేసుకుని చూడకూడదు కనుక అంచనాగా వేస్తాను. తక్కువైతే మా అత్త అమ్మణి అందరి ముందూ అంటుంది, "మనసు ప్రార్థనలో లేకపోతే చెయ్యి ఇట్లనే తప్పుతాది."

ఆ శుక్రవారం కరివేపాకు దూస్తుంటే మా ఆయన గురుప్రసాద్ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద.

"కస్తూరీ, ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాల. పాస్టరయ్యతో మాట్లాడేసినా. దేవుడు నిన్ను బాగుచేసినాడని అందరికీ తెలియాల."

"ఏం చెప్పాలండీ?"

"ఏముంది? భయం పట్టింది, ప్రార్థన చేసినాం, పోయింది. రెండు ముక్కలు."

ఆ భయం నాకు మొదటిసారి రైల్లో పట్టింది. కిటికీ పక్కనే కూర్చున్నాను, గాలి కొడుతూనే ఉంది, అయినా ఊపిరి అందలేదు. చేతులు చల్లబడ్డాయి. ఈడనే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. తర్వాత రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది. తరగతిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఏం రాస్తున్నానో మరిచిపోయేదాన్ని. ఇంట్లో చెప్తే ఆయన, "విశ్వాసం ఉన్న మనిషికి భయమెట్లా వస్తాది?" అన్నారు. కోపంగా కాదు, లెక్క తప్పు చేసిన పిల్లని అడిగినట్టు. అత్త నా తలకి నూనె రాసి ప్రార్థించింది. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి, ఆ వెచ్చదనానికే నేను ఏడ్చేశాను. కానీ మర్నాటి నుంచి మోకాళ్ళ మీద ఉండడానికి నన్ను ఇంకో గంట ముందే లేపడం మొదలుపెట్టింది. అసలే లేని నిద్రలోంచి ఇంకో గంట కోసి, అదే నాకు మందన్నారు.

నేను ప్రార్థించలేదని కాదు. కష్టమొస్తే చిన్నప్పటి నుంచీ నేను తట్టిన తలుపు అదొక్కటే. కానీ ఆ రోజుల్లో ప్రార్థనంటే నన్ను నేను సోదా చేసుకోవడమైపోయింది. అత్త మీద విసుక్కున్నానా, వాక్యం చదువుతూ కునికానా, పాట పాడుతూ రేపటి సాంబారు గురించి ఆలోచించానా. వెతికే కొద్దీ పాపాలు దొరికేవి. దొరికే కొద్దీ భయం పెరిగేది. చివరికి ఒకరోజు స్టాఫ్ రూములో కూలబడిపోతే, నాతో పనిచేసే హేమమాలిని నన్నేమీ అడక్కుండా ఆటో పిలిచి, మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అన్నాళ్ళు ప్రార్థించాక నాకు వచ్చిన జవాబు ఆ ఆటోనేనని ఇప్పటికీ అనుకుంటాను. డాక్టరమ్మ అంతా విని మాత్రలు రాసింది. "ప్రార్థన మానొద్దు, మాత్రా మానొద్దు" అంది.

మాత్రలు హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో పెట్టుకునేదాన్ని. మెల్లగా నిద్ర వచ్చింది. అన్నం రుచి తెలిసింది. నా మొహం చూసి ఇంట్లో వాళ్ళు స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ మిగిలిన ముక్క లోపల గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఆ శుక్రవారం వంటింట్లో ఆయనతో చెప్పేశాను. "నేను మాత్రలు వేసుకుంటున్నానండీ. మనసుకి."

ఆయన వెనక్కి తిరిగి, మిద్దె మెట్ల వైపు ఎవరైనా ఉన్నారా అని చూశారు. "సరి. ఇప్పుడు బాగైపోయింది గదా, మానెయ్. ఆదివారం ఆ సంగతి ఎత్తొద్దు. సంఘ పెద్ద భార్యే పిచ్చి మాత్రలు మింగతాదంటే నా మాట ఎవరు వింటారు?"

శనివారమంతా ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. చెప్పకపోతే ఏమైంది, ఎవరికి నష్టం, రెండు ముక్కలే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు చర్చి వెనక టీ గ్లాసులు కడుగుతుంటే వాసంతి వచ్చింది. హార్బరు దగ్గర సందులో ఉండే పిల్ల. చిన్నప్పటి నుంచి ఫిట్స్. చంకలో ఏడాది నిండని బిడ్డ.

"అక్కా, అమ్మణి అత్త చెప్పింది. నీకు ప్రార్థనతోనే పోయిందంట గదా. నేనూ నిన్నటి నుంచి మాత్ర మానేసినా. నీకున్నంత విశ్వాసం నాకూ రావాలని ప్రార్థన చెయ్ అక్కా."

బిడ్డ చెయ్యి చాపి నా తడి వేలు పట్టుకుంది. ఈ పిల్ల పొయ్యి ముందు పడితే? బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగుతూ పడితే? లోపలినుంచి పాస్టరయ్య నా పేరు పిలుస్తున్నారు.

వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. ముందు వరసలో మా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

"అందరికీ వందనాలు. నాకు భయం జబ్బు వచ్చింది. నేను ప్రార్థన చేశాను, మీరూ చేశారు. డాక్టరు దగ్గరికి కూడా పోయాను. మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున కూడా వేసుకునే వచ్చాను. నాకు దేవుడు ఇట్లా సాయం చేసినాడు. నా సంగతి విని ఎవరైనా మాత్ర మానేసి ఉంటే, ఈరోజే డాక్టరు దగ్గరికి పోండి. తోడు కావాలంటే నేనొస్తా. స్తోత్రం."

తిరిగి ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక బెంచీలో ఒక ముసలావిడ పక్కావిడతో "నేనూ మింగతా, నిద్రకి" అంది. గుసగుసే గానీ అందరికీ వినబడింది. పాస్టరయ్య గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక మా ఆయన గేటు బయట బండి స్టార్ట్ చేసి నా కోసం ఆగారు. నేను ఎక్కలేదు. కొంచెం దూరంలో వాసంతి బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది.

"మీరూ అత్తా అన్నం పెట్టుకుని తినండి. నేను ఈ పిల్లని పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నా."

ఆయన నా వైపు చూడకుండానే అన్నారు, "పదిమందిలో దేవుణ్ణి సిగ్గుపరిచినావు కస్తూరీ."

"దేవుడు సిగ్గుపడలేదండీ," అన్నాను. "సిగ్గుపడింది మీరు."