సూర్యుడికి దద్దుర్లు

సూర్యుడికి మళ్ళీ దద్దుర్లు వచ్చాయి. తెల్ల కాగితం మీద పసుప్పచ్చగా, గుండ్రంగా, హాయిగా ఉండాల్సిన సూర్యుడి మొహం నిండా గులాబి రంగు మచ్చలు. పక్కనున్న కప్పుకీ అంతే, కింద ఉన్న మంచానికీ అంతే. చిటపట ఆ కాగితాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలోకి విసిరింది. అది వెళ్ళి బుట్ట అవతల పడింది. బుట్టలో పడనందుకు కూడా ఆ ప్రింటర్నే తిట్టింది.

చిటపట అన్నది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ప్రతిదానికీ చిటపటలాడుతుంటే వాళ్ళన్నయ్య పెట్టిన పేరు. నలభై రెండేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు, ఆ గుణమూ పోలేదు. పేరు పెట్టిన మనిషి ఇప్పుడు దుకాణానికీ ఇంటికీ మధ్య గుమ్మంలో, చక్రాల కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. డెబ్బై రోజుల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా మూడూ ఒక్క దెబ్బకి పోయాయి. ఎడమ చెయ్యి ఆడుతుంది. నోట్లోంచి ‘బె’ అనే చప్పుడొక్కటే వస్తుంది. ఆకలైనా బె, ఒళ్ళు మండినా బె. ఏది ఏ బె అన్నది ఇంట్లో వాళ్ళు ఊహించుకోవాల్సిందే.

ముందు గది దుకాణం, వెనక రెండు గదులూ ఇల్లు. పదిహేడేళ్ళుగా అన్నయ్య ఆ ముందు గదిలోనే విజిటింగ్ కార్డులూ పాంప్లెట్లూ పిల్లల ప్రాజెక్టులూ రంగుల్లో ప్రింటు తీసిచ్చి ఇల్లు నడిపాడు. ఆ కలర్ లేజర్ ప్రింటర్ని మాత్రం ఇంకో మనిషి చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. దాని మూత తెరవాలంటే దుకాణం షట్టరు సగం దించి, అటు తిరిగి కూర్చుని, ఏదో రహస్యం చేస్తున్నట్టు చేసుకునేవాడు. పక్కకెళ్ళి నిలబడితే చెయ్యి తగులుతుందనో, వెలుతురు ఎక్కువైందనో విసుక్కునేవాడు. దాంతో వాళ్ళావిడకీ చెల్లెలికీ అందులో పచ్చ బటను నొక్కడం తప్ప ఇంకేమీ తెలియదు.

ఇవాళ, ఆదివారం సాయంత్రం నాలుగింటికి స్పీచ్ థెరపిస్ట్ ఇంటికొస్తోంది. పోయిన మాట తిరిగి పలికించే ఆవిడ. ఆవిడ దగ్గర ఒక్కటే ఖాళీ ఉంది, దానికోసం ఇద్దరు మనుషులున్నారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అన్నయ్య ఫైల్లో ‘చెప్పింది అర్థమవుతున్నట్టు లేదు’ అని ఒక్క ముక్క రాసి పారేశాడు. ఆ ముక్క నిజమో కాదో ఈరోజు బొమ్మలతో తేల్చేస్తానంది ఆవిడ. మంచం ఏది అంటే మంచం చూపించాలి, కప్పు ఏది అంటే కప్పు. చూపిస్తే రేపటి నుంచే చేర్చుకుంటుంది. లేకపోతే ఖాళీ రెండోవాళ్ళకి పోతుంది, అన్నయ్య ఇంకో మూడు నెలలు ఆగాలి. వచ్చే మాటేదైనా ఈ మొదటి నెలల్లోనే రావాలని అదే పెద్ద డాక్టరు చెప్పి ఉన్నాడు.

మూడు కాగితాల్లో ఇరవై ఏడు బొమ్మలు, ఫోనుకి పంపించింది. బొమ్మ చుట్టూ తెల్లగా ఉండాలి, ఒక్క మరక ఉండకూడదు, ఇలాంటి జబ్బు చేసినవాళ్ళ చూపు బొమ్మని వదిలేసి మరక మీదికి పోతుంది అని మరీ మరీ చెప్పింది. మీకు సొంత దుకాణమే ఉందిగా, ప్రింటు తీసి పెట్టండి అని నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే చిటపటకి ఇప్పుడు ఏడుపొస్తోంది.

పదకొండింటికి మొదలుపెట్టింది. మొదటి కాగితంలోనే గులాబి మచ్చలు. కాగితం చెమ్మగిల్లిందేమోనని కొత్త కట్ట విప్పి వేసింది, మచ్చలు తగ్గలేదు. దళసరి కాగితం వేస్తే బాగుంటుందని వదిన అంటే అది వేసింది. ఈసారి మచ్చలతో పాటు వేలు తగిలిన చోటల్లా రంగు పొడి రాలిపోయింది. సెట్టింగుల్లో కూడా దళసరి అని మార్చాలన్న సంగతి ఇంకో గంటకి గానీ తెలియలేదు. రంగు పొడి డబ్బాలు తీసి అటూ ఇటూ ఊపింది. చీర కుచ్చిళ్ళ మీద నీలం రంగు పడింది, మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యమధ్యలో ఆ మెషిన్ తనంతట తానే ఆగిపోయి, క్యాలిబ్రేషన్ జరుగుతోంది, వేచి ఉండండి అని తెర మీద రాసుకుని, కడుపులో ఏవో గిరగిర తిప్పుకుంటూ కూర్చునేది. ఎవరి కొంప మునిగినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

వేరే దుకాణానికి పోదామంటే ఆదివారం. వీధి చివర కలర్ ప్రింట్ల దుకాణానికి రెండుసార్లు వెళ్ళి తాళాన్ని చూసొచ్చింది. సర్వీసు ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఐదోసారికి ఎత్తాడు. వెనకాల టీవీలో ఆట నడుస్తోంది. ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా మేడమ్ అన్నాడు. పొద్దుట్నుంచీ అదే పని చేస్తున్నానని చెప్పింది చిటపట. అతను నవ్వి, మచ్చకీ మచ్చకీ మధ్య ఎంత దూరముందో స్కేలు పెట్టి కొలవమన్నాడు. ఏడున్నర సెంటీమీటర్లు. ప్రతి కాగితంలోనూ, పై నుంచి కిందికి, ఏడున్నరకోసారి అదే మచ్చ. అయితే అది ఎర్ర రంగు డ్రమ్ము మేడమ్, ఒక్క చుట్టు తిరిగినప్పుడల్లా అదే మచ్చ దింపుతోంది, డ్రమ్ము పాడైంది, కొత్తది బుధవారానికి తెప్పిస్తా అన్నాడు. బుధవారం ఎవడిక్కావాలి అని ఆమె అనేలోపు టీవీలో ఎవరో అవుటయ్యారు, అతను ఫోన్ పెట్టేశాడు.

డ్రమ్ములంటే ఏవో వదిన ఈ మధ్యే మూత తెరిచి చూసి తెలుసుకుంది. నాలుగు రంగులకీ నాలుగు గొట్టాలు, జానెడున్నర పొడవు, అద్దంలా నున్నగా నీలంగా మెరుస్తుంటాయి. బొమ్మ ముందు వాటిమీద ఏర్పడి ఆ తర్వాత కాగితం మీదికి దిగుతుంది. పాడవడమేమిటి, తను వాటిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంటేనూ అని వదినకి రోషం పొడుచుకొచ్చింది. వదినకి శుభ్రం పిచ్చి. మొగుడు మంచాన పడ్డాక ఆ పిచ్చంతా ఆ ప్రింటరు మీదికి మళ్ళింది. ఆయన లేచి మళ్ళీ దుకాణం తెరిచేసరికి అది కొత్తదానిలా ఉండాలని రోజూ పదిన్నరకి మూత తెరిచి, నాలుగు డ్రమ్ములూ బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, చెమ్మ పట్టకుండా కిటికీ గట్టు మీద తువ్వాలు పరిచి ఎండలో పెడుతుంది. లోపలంతా తుడిచాక మళ్ళీ ఎక్కడివక్కడ అమర్చేస్తుంది. ఎర్ర రంగుది ఎప్పుడూ కిటికీ చివర, ఎండ బాగా తగిలే చోటే ఉంటుంది.

“ఇవాళ హడావిడిలో ఎండ చూపించలేదు. చెమ్మకే ఈ మచ్చలు,” అంది వదిన, డాక్టరు జబ్బు కనిపెట్టినంత ధీమాగా. ఎర్ర డ్రమ్ము తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టింది.

గుమ్మంలోంచి బె అని ఒక్క అరుపు.

వదిన నిట్టూర్చింది. ఇదిగో, ఇలాగే, రోజూ పదిన్నరకల్లా మొదలుపెడతారు, ఇవాళేమో రెండున్నరకి పట్టుకున్నారు అని ఆడపడుచుకి చెప్పుకుంది. రోజూ అంతేనట. కుర్చీలోంచి పడిపోతారేమో అన్నంతగా ఊగిపోతారు, కళ్ళు ఎర్రబడతాయి, మంచినీళ్ళ గ్లాసిస్తే విసిరికొడతారు. జబ్బు మనిషికి అలాంటి ఆవేశాలు మామూలేనని పెద్ద డాక్టరు అవి వచ్చినప్పుడు వెయ్యమని ఒక మాత్ర కూడా రాశాడు. అది వేస్తే అరగంటలో తల వాల్చేసి పడుకుంటారు.

చిటపట నీళ్ళిచ్చింది, తోసేశాడు. ఫ్యాను పెంచింది, తగ్గించింది. బాత్రూమా అని అడిగింది. దిండు సర్దింది. ఆయన మాత్రం బె బె అంటూ కుర్చీ చేతిని ఎడం చేత్తో బాదుతూనే ఉన్నాడు. మూడు కావస్తోంది. ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది.

“ఏం కావాలన్నయ్యా నీకు? పొద్దుట్నుంచీ ఎవరికోసం చస్తున్నాననుకున్నావు? పదిహేడేళ్ళు చేశావు ఈ పని, ఒక్కళ్ళకి, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళకి నేర్పి ఉంటే ఈ గతి పట్టేదా మాకు? ఇదిగో, చూసుకో, నీ మెషిన్ నిర్వాకం.” మచ్చల కాగితం ఒకటి తీసి ఆయన ఒళ్ళో పడేసింది.

అనేసి నాలుక కరుచుకుంది. నోరు లేని మనిషి మీద నోరు పారేసుకున్నానని మొహం తిప్పుకుంది. వెనకాల బాదుడు ఆగిపోయింది. ఏడుస్తున్నాడేమోనని భయపడి ఇటు తిరిగితే, అన్నయ్య ఒళ్ళో కాగితం మీదికి వంగి ఉన్నాడు. ఎడమ చేతి చూపుడు వేలు సూర్యుడి మీద పెట్టి ఉంది.

“అవును, సూర్యుడే,” అంది ఆమె నీరసంగా.

వేలు కదిలింది. కాగితం చివరికి పోయి, అడ్డంగా ఊపుతున్న అరచెయ్యి బొమ్మ మీద ఆగింది. అది ‘వద్దు’ బొమ్మ. మళ్ళీ సూర్యుడు. మళ్ళీ వద్దు. తలెత్తి కిటికీ వైపు చూశాడు. చెల్లెలి మొహం చూసి, ఇంకా ఎక్కలేదా నీ బుర్రకి అన్నట్టు కళ్ళు పెద్దవి చేసి, ఈసారి దుప్పటి బొమ్మ మీద వేలు పెట్టాడు. తర్వాత మంచం మీద. మచ్చలు ఆయన చూపుని ఎక్కడా ఆపలేదు. పదిహేడేళ్ళలో అంతకంటే ఘోరమైన మచ్చలు చూశాడాయన.

ఎండ వద్దు. దుప్పటి కప్పు. పడుకోబెట్టు.

చిటపట కిటికీ దగ్గరికి ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. డ్రమ్ముని కొంగులో చుట్టి తెచ్చి ఆయన ముందు పెడితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి వదిలి, కళ్ళు మూసుకున్నాడు. వెలుతురు పడితేనే పాడైపోయే వస్తువది. అందుకే అన్నాళ్ళూ షట్టరు దించుకుని, అటు తిరిగి కూర్చుని మూత తీసేవాడు. రహస్యమూ లేదు, పాడూ లేదు. ఆ ఒక్క ముక్క నోటితో చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఆమెకి ఒకపక్క కోపం, ఒకపక్క ఆయన్ని పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది.

వదిన నుంచున్న చోటే నేల మీద కూలబడింది. ఆమె గుప్పిట్లో అప్పుడే అట్ట చింపి తీసిన మాత్ర ఉంది.

“రోజూ పదిన్నరకి,” అంది. “ఆయన కళ్ళెదుటే ఎండలో పెట్టేదాన్ని. వద్దే వద్దే అని మొత్తుకుంటుంటే మాత్ర వేసి నిద్రపుచ్చాను.”

అప్పుడేమీ మాట్లాడుకునే తీరిక లేకపోయింది. డ్రమ్ముని ముదురు రంగు దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోశారు. ఎంతసేపు అని చిటపట అడిగితే అన్నయ్య చెయ్యి గాల్లో తిప్పాడు. చాలాసేపనీ అర్థం చేసుకోవచ్చు, నీకంత ఓపిక ఎక్కడుందనీ అర్థం చేసుకోవచ్చు. నాలుగింటికి పది నిమిషాలుందనగా షట్టరు సగం దించి, దాన్ని లోపల అమర్చి, మూడు కాగితాలు తీశారు. మచ్చలు పోలేదు. పొద్దుటి కంటే పలచబడ్డాయి, అంతే. సూర్యుడికి దద్దుర్లు తగ్గుమొహం పట్టాయనుకోవాలి.

థెరపిస్ట్ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. కాగితాలు చేతిలోకి తీసుకుని కనుబొమలు ముడేసింది. తెల్లగా ఉండాలని చెప్పాను కదండీ, ఇలా ఉంటే ఆయన తప్పు చూపించినా కాగితం తప్పో ఆయన తప్పో నాకెలా తెలుస్తుంది, అవతల ఇంకో పేషెంటు ఉన్నారు అంది. చిటపట కాగితం చెమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏడున్నర సెంటీమీటర్ల మీదుగా, సర్వీసు ఇంజనీరు టీవీ దాకా గడగడా చెప్పుకుపోతోంది. ఆవిడ గడియారం చూసుకుంది.

“ఆయన నన్ను తిట్టారండీ,” అంది వదిన.

ఆవిడ ఆగింది. వదిన కళ్ళు తుడుచుకోకుండానే మొత్తం చెప్పింది, ఎండ సంగతి, పదిన్నర సంగతి, మాత్ర సంగతి. డెబ్బై రోజుల తర్వాత మా ఆయన నన్ను తిట్టారండీ అని మళ్ళీ అంది. అది చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఉన్నది సిగ్గో సంతోషమో చిటపటకి తేలలేదు.

థెరపిస్ట్ సంచీ కింద పెట్టి, మూడు కాగితాలూ అన్నయ్య ముందున్న బల్ల మీద పరిచింది. మంచం ఏదని అడగలేదు, కప్పు ఏదనీ అడగలేదు.

“ఏమని తిట్టారో నాకూ చెప్పండి,” అంది.

అన్నయ్య సూర్యుణ్ణి చూపించాడు. వద్దు చూపించాడు. దుప్పటి, మంచం. ఆవిడ ఫైలు తెరిచి పెద్ద డాక్టరు రాసిన ముక్కని పెన్నుతో అడ్డంగా కొట్టేసి, రేపు తొమ్మిదింటికి తీసుకురండి అంది. చిటపట వెళ్ళి ప్రింటరుకి ఆనుకుని నిలబడింది.

అన్నయ్య వేలు మాత్రం ఆగలేదు. మూడో కాగితం మీద దేన్నో వెతుకుతోంది. రెండు వరసలు దాటి, కింది వరసలో చెవి బొమ్మ మీద ఆగింది. ఆ చెవి మీద వేలితో రెండుసార్లు కొట్టి, వాళ్ళావిడ మొహంలోకి చూశాడు.

వదిన స్టూలు లాక్కుని ఆయన కుర్చీ పక్కన కూర్చుంది.

“వింటున్నానండీ,” అంది. “చెప్పండి.”