కుక్కరులో ఉడికిన పక్కటెముక

ముప్పై ఏళ్లపాటు ఆసుపత్రిలో సూదులు మరగబెట్టిన కంపౌండరు ఆయన. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. తాగే నీళ్లు, మనవరాలి చెంచాలు, చివరికి గోళ్ల కత్తెర కూడా సలసల కాగే నీళ్లలో మునిగి లేవాల్సిందే. అలాంటి ఇంట్లోకి కోడలు పచ్చి బొమికలు మోసుకొచ్చింది.

బొగ్గు అనే కుక్క కోసం. రోడ్డు మీద దొరికినప్పుడు ఆ నల్లకుక్క చిక్కి శల్యమై ఉండేది. నాలుగు నెలలు పాలూ రొట్టే పెట్టినా బొచ్చు ఊడటం ఆగలేదు.

"పశువుల డాక్టరమ్మ చెప్పింది మామయ్యా. మాంసంతో పాటు వారానికి రెండు పచ్చి బొమికలు వెయ్యమంది. కాల్షియం, మూలుగలో కొవ్వు, అన్నీ దొరుకుతాయట. ఉడకబెట్టొద్దని మరీ మరీ చెప్పింది."

"చిన్నపిల్ల తిరిగే ఇంట్లో పచ్చి బొమికలేంటమ్మా? ఎన్ని క్రిములుంటాయో తెలుసా?"

"పెరట్లోనే పెడదాం. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుందాం."

ఆయన "ఊఁ" అన్నాడు. నోరే అంది, మనసు అనలేదు.

ఆ రోజు పాపను బడిలో దింపి తను పనిచేసే ప్రెస్సుకు వెళ్తూ, "ఫ్రిజ్‌లో పక్కటెముక ఉంది, పదింటికి వెయ్యండి," అని చెప్పింది కోడలు. గేటు మూసిన చప్పుడు వినగానే ఆయన కుక్కరు పెట్టాడు. ఆరు విజిల్స్. చల్లార్చి వేశాడు. బొగ్గు కరకరా నమిలేసింది. తన పంతం నెగ్గిందని లోలోపల మురిసిపోయాడు కూడా.

అరగంట తిరక్కుండానే కుక్క మూతిని కాలితో గీరుకోవడం మొదలుపెట్టింది. కారుతున్న చొంగలో నెత్తుటి చార. ఆయన దాని నోరు తెరిచి వెతికాడు, ఏమీ కనబడలేదు. కోడలికి ఫోన్ చేశాడు.

"బొమిక వేశారా?"

"వేశాను."

ఉడకబెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె పరుగున వచ్చింది. ఆటోలో కుక్కను ఒళ్లో పెట్టుకుని, "పెద్ద ముక్క కొన్నానేమో. నావల్లే ఇదంతా," అంటూ కళ్లు తుడుచుకుంది. ఆయన రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ టార్చి వేసి నోరంతా చూసింది. "నాలుక గీసుకుంది, అంతే. పచ్చి బొమికేగా?"

"పచ్చిదే అండీ. నేనే తెచ్చాను," అంది కోడలు.

"అయితే ఫర్లేదు. కడుపులో మెల్లగా కరిగిపోతుంది. నొప్పికి సూది వేస్తాను, రేపటిదాకా చూడండి."

సూదిలోకి మందు ఎక్కుతోంది. బల్ల మీద బొగ్గు మెడ చాచి గుటక వేయబోయి, మింగలేక కుయ్యిమంది. ఆ గొంతు విన్నాక ఆయన ఇక ఆగలేకపోయాడు.

"ఉడకబెట్టాను," అన్నాడు. "అది పచ్చిది కాదమ్మా. కుక్కరులో ఉడకబెట్టి వేశాను."

కోడలు తలెత్తి చూసింది. తిట్టినా బాగుండు అనిపించింది ఆయనకు.

డాక్టరమ్మ సూది పక్కన పడేసింది. "ఎక్స్‌రే! ముందే చెప్పొద్దా పెద్దాయనా? ఉడికితే బొమిక పెళుసెక్కి మేకుల్లా చీలుతుంది!"

ముక్క అన్నవాహికలో అడ్డంగా దిగబడి ఉంది. మత్తిచ్చి, పొడవాటి పట్టకారుతో లాగడానికి నలభై నిమిషాలు పట్టింది. వరండాలో ఒకే బెంచీకి ఆ చివర కోడలు, ఈ చివర మామగారు. తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. "గండం గడిచింది. రేపటిదాకా ఆగుంటే గొట్టానికి చిల్లు పడేది."

కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. "ఉడకబెట్టినందుకు కాదు మామయ్యా," అంది నేల చూస్తూ. "దారి పొడుగునా నన్ను ఏడవనిచ్చారు."

"తప్పేనమ్మా," అన్నాడాయన.

పదిహేను రోజులు కుక్కకు జావే. దాని గిన్నె ఆయన చేతికివ్వలేదామె. మాటలు కూడా అవసరం మేరకే. పదహారో రోజు పొద్దున కాగితం పొట్లం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీరే వెయ్యండి. అది తినేదాకా పక్కనే కూర్చోండి."

పెరటి మెట్టు మీద ఆయన పొట్లం విప్పాడు. పచ్చి బొమిక. బొగ్గు తోకాడిస్తూ దగ్గరికొచ్చింది.