గోవిందరాజు నరికిన మగ తీగలు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక అప్పలలక్ష్మి వేసిన పొటల్ పందిరికి అది రెండో ఏడు. మనకు దొండకాయ ఎలాగో బెంగాలీలకు పొటల్ అలాగ. దాన్లో ఆడ తీగలు వేరు, మగ తీగలు వేరు. తెల్లవారగానే మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి వంచి, నడుమనున్న కేసరాలను ఆడ పువ్వు మొనకు తాకించాలి. ఆ పుప్పొడి అంటితేనే కాయ. పట్టాలవతల ఉండే శిఖా దీదీ నేర్పిన పని అది.

ఏప్రిల్‌లో అప్పలలక్ష్మి మెటియాబ్రుజ్‌లో చెల్లెలింటికి వెళ్లి రెండు రోజులుండి వచ్చింది. వచ్చేసరికి పందిట్లో ఉన్న రెండు మగ తీగలూ మొదలంటా నరికి ఉన్నాయి. పాయింట్స్‌మన్‌గా ఈమధ్యే రిటైరైన ఆమె భర్త గోవిందరాజు కత్తి కడుక్కుంటున్నాడు. ఒక్క కాయా కాయకుండా చోటు తింటున్నాయని తీసేశానన్నాడు.

"అవి మగయి, కాయవని నీకు రెండు పాలి సెప్పినాను మావా. ఇన్నావా?"

"మొక్కల్లో మగేటి, ఆడేటి," అని నవ్వాడతను.

తీగలు పోయినదానికంటే ఆ నవ్వుకే ఆమె ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఏం చెప్పినా అదే నవ్వు.

రోజూ ఆడ పూలు పూశాయి. వాటి అడుగునున్న పిందెలు పసుపు తిరిగి రాలిపోయాయి. నాలుగో రోజు ఆమె వాటిని ఏరి, కడిగి, అతని కంచంలో అన్నం పక్కన పెట్టింది.

"ఏటే ఇది?"

"కూర. నువ్వు కాయించిందే, తిను."

బజార్లో కొనుక్కొస్తానన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"బజారుది నాకక్కర్నేదు. రేపు ఐదింటికి నెగిసి శిఖా దీదీని మగ పూలడుగు. ఎందుకడుగుతన్నావో నీ నోటితోనే సెప్పు."

రెండు రోజులు బిగుసుకుపోయాడు. రెండు రోజులూ కంచంలో అవే పిందెలు. మూడోనాడు వెళ్లాడు. సంగతి విని శిఖా దీదీ పడీపడీ నవ్విందట. ఆకులో పూలు పొట్లం కట్టుకుని, ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

పందిరి కింద నడుం వంచి, ఒక్కో పువ్వూ అతని చేతే పట్టించింది. మొదటిదాని కేసరాలు అతని మొరటు వేళ్లకు నలిగిపోయాయి. ఆమె తిట్టలేదు, ఇంకోటి అందించింది. అలా పదిహేను రోజులు అతనే వెళ్లి పూలు తెచ్చాడు, అతనే తాకించాడు.

పిందెలు నిలిచాయి. మొదటి బుట్ట అతని చేతే శిఖా దీదీకి పంపింది. బదులుగా ఆవిడిచ్చి పంపిన మగ తీగ వేరు ముక్కలు పాతింది. కూర బాగుందని అతనంటే గరిటె గిన్నెలో పడేసి లేచిపోయింది. వానలు పడేదాకా ఆ కోపం తగ్గలేదు.

ఓ సాయంత్రం, పందిట్లో నీళ్లు నిలుస్తున్నాయి, మొదళ్లు కుళ్లిపోతాయని తనలో తనే గొణుక్కుంది. గోవిందరాజు చేతిలో పేపరు పక్కన పెట్టాడు.

"ఏటన్నావు? మళ్లీ సెప్పు," అన్నాడు.